పోలీసు కారు ఆగిన ఇల్లు

వానలో ఒక పోలీసు కారు రాత్‌బావన్ కాలనీలోకి తిరిగి, మొదటి ఇంటి దగ్గరే వేగం తగ్గించింది.

కార్క్ నగరం ఆ కాలనీతో అయిపోతుంది. వెనక గోడ దాటితే ఆవులు మేసే పొలం, దాని పైన రింగు రోడ్డు. ఇందాక ఆ రోడ్డు మీద అంబులెన్సు కూత వినిపించినప్పుడే నోరీన్ చేతిలోని బంగాళాదుంప సింకులోకి జారిపోయింది. ఆమె కొడుకు డెక్లన్ పొద్దున్నే మోటారు సైకిలు వేసుకుని బయటికి వెళ్ళాడు. అప్పటినుంచీ ఫోను ఎత్తడం లేదు.

కారు ఒక్కో గేటు దగ్గరా ఆగి ఆగి వస్తోంది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్ళు. కట్టినవాడు నంబర్లు తనకి తోచినట్టు వేసి పోయాడు. వానని లెక్కచెయ్యకుండా పచ్చికలో హర్లింగ్ బంతాట ఆడుతున్న పిల్లలు కర్రలు దించి చూస్తున్నారు. ప్రతి కిటికీలోనూ తెర కొంచెం కదులుతోంది. కారు తమ గుమ్మం దాటిపోగానే ఆ తెర మళ్ళీ పడిపోతోంది.

నోరీన్ ఇంకోసారి కొడుకుకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. వెంటనే పక్కింటి ఫిలోమినాకి చేసింది. రెండు ముక్కలు కూడా చెప్పలేకపోయింది. ఫిలోమినా పిండి చేతులతోనే పెరటి గుమ్మంలోంచి వచ్చేసింది.

"పోయిన నెల కూడా ఇలాగే ఏడ్చావు," అంది నోరీన్‌ని కుర్చీలో కూర్చోబెడుతూ. "వాడేమో ఎవరో పిల్ల పక్కన కూర్చుని చిప్స్ తింటున్నాడు. మర్చిపోయావా?"

నోరీన్ కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి. ఫిలోమినా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. తన మొగుడు తెల్లారకముందే చేపల వేటకని పడవ వేసుకుని పోయాడనీ, ఫోను ఎత్తని మగాళ్ళ గురించి దిగులు పెట్టుకుంటే ఈ దేశంలో ఏ ఆడదానికీ ముద్ద దిగదనీ అంది. ఆ పోలీసులు ఎవరి కుక్క గురించో, ఎవరి కారు అద్దం గురించో వచ్చి ఉంటారంది.

కారు ఎదురింటి దగ్గర ఆగింది. నోరీన్ రెండు చేతులూ జోడించింది. దేవమాతా, ఆ ఇల్లే కానీ. అది కాకపోతే దాని పక్కది. ఈ ఇల్లు కాకుండా ఏ ఇల్లయినా సరే. అలా అనుకుంటున్నందుకు సిగ్గేసింది, అయినా అనుకుంటూనే ఉంది.

కారు కదిలి, రోడ్డు దాటి, ఆమె గేటు ముందు ఆగింది.

కారు తలుపు మూసిన చప్పుడు. గేటు చప్పుడు. వీధి తలుపు మసక అద్దం వెనక పొడుగాటి ఆకారం ఒకటి నిలబడింది. టోపీ తల మీద లేదు, చేతిలో ఉంది.

గంట మోగింది.

ఫిలోమినా లేవబోతే నోరీన్ ఆమె మోచెయ్యి పట్టుకుని లాగింది. "తియ్యద్దు."

"తియ్యకపోతే ఎట్లాగే?"

"తియ్యనంతసేపూ వాడు బతికే ఉంటాడు, ఫిల్."

గంట మళ్ళీ మోగింది. ఫిలోమినా ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. పిండి చేతులతోనే ఆమె మొహం పట్టుకుంది. "చూడు, ఇటు చూడు. ఏదయినా సరే, నువ్వొక్కదానివే వినక్కర్లేదు. నేనున్నాను. ఇవాళ ఇక్కడే ఉంటాను, రేపూ ఉంటాను. లే తల్లీ."

ఒకరి నడుము చుట్టూ ఒకరు చెయ్యి వేసుకుని నడవలోకి వెళ్ళారు. గడియ తీసింది ఫిలోమినాయే.

బయట ఉన్నది కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టున్నాడు. చెవుల మీదినుంచి వాన కారుతోంది. అతను గొంతు సవరించుకునేలోపే నోరీన్ అడిగేసింది. "ఉన్నాడా, లేడా? అదొక్కటే చెప్పండి."

"ఎవరమ్మా?"

"డెక్లన్. మా అబ్బాయి. మోటారు సైకిలు."

అతను ఆమెనీ, ఆమెని పట్టుకున్న ఫిలోమినానీ అయోమయంగా చూశాడు. ఆ అబ్బాయి సంగతి తనకేమీ తెలియదన్నాడు. ఇవాళ మోటారు సైకిలు ప్రమాదాలేవీ తమ దాకా రాలేదన్నాడు. తను వచ్చిన పని వేరన్నాడు. ఈ నంబర్లు ఎంతకీ అర్థం కాక, లైటు వెలుగుతోంది కదా, అడుగుదామని ఈ తలుపు కొట్టాడట.

నోరీన్‌కి ఆ మాటలు తలకెక్కడానికి కొంచెంసేపు పట్టింది. ఎక్కాక గోడకి ఆనుకుంది. ఏడుపో నవ్వో తెలియనిది ఒకటి గొంతులోంచి తన్నుకొచ్చింది. ఫిలోమినా మెడ చుట్టూ చేతులు వేసి రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది.

"చెప్పానా లేదా, పిచ్చిమొహమా," అంది ఫిలోమినా. ఆమె కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. నవ్వుతూనే నోరీన్ బుగ్గల మీది పిండి తుడిచింది. అంతసేపూ గుమ్మంలో వానలో నిలబెట్టామని గుర్తొచ్చి ఇద్దరూ ఆ కుర్రవాణ్ణి లోపలికి రమ్మన్నారు, టీ పెడతామన్నారు. ఎవరి ఇల్లు కావాలో చెప్తే తామే చూపిస్తామన్నారు.

అతను నవ్వలేదు. లోపలికీ రాలేదు. వాళ్ళ నవ్వు పూర్తిగా ఆగేదాకా తల వంచుకుని నిలబడ్డాడు.

"ఫిలోమినా కోటర్ అని ఒకావిడ ఉంటారటమ్మా," అన్నాడు. "వాళ్ళిల్లు ఎక్కడో కాస్త చూపిస్తారా?"