సగం రెక్క

"అదిగో, సగం రెక్క సొరచేప!"

పర్యాటకులందరూ పడవ అంచుకు చేరారు. మైకు పట్టుకున్న తాత ప్రతిరోజూ చెప్పే మాటనే చెప్పాడు. "ఏదో పడవ ఇంజను పంకా తగిలి తెగిందండీ, పాపం."

అందరి చూపులూ పడవ నడుపుతున్న అతని భార్య వైపు మళ్ళాయి.

"మళ్ళీ నన్నే దొంగను చేశారూ!" అని ఆమె నవ్వింది.

ఒక పాప ఆమె చెయ్యి లాగింది. "మామ్మా, నువ్వే కోశావా?"

"తాతయ్యనడుగు తల్లీ. నిజం తెలిస్తే మన పడవ ఎవరూ ఎక్కరని ఆయనగారి బెంగ."

తాత మైకు నోటి దగ్గరకు తెచ్చుకున్నాడు. "మామ్మ కాదమ్మా, నేనే. సొరల్ని వేటాడే రోజుల్లో అమ్ముకోవడానికి రెక్క కోస్తుంటే సగంలో తప్పించుకుంది."

పాప అంతటితో వదలలేదు.

"మరి దానికి సారీ చెప్పావా?"

"ఈ ఇంజను మోతలో దానికేం వినపడుతుందమ్మా?"

భార్య ఇంజను ఆపేసింది.

"ఇప్పుడు వినపడుతుంది లెండి," అన్నది, ఈసారి నవ్వకుండా.