సుక్కల తోడు

జీడికొమ్మ నిలబెట్టి, చిరిగిన వల చుట్టి, నా కూతురు అనూష ఊసరవెల్లికి గూడు కడుతోంది. అదీ వాళ్లమ్మ మంచం పక్కనే.

నాకు కాలు నిలవలేదు. గుమ్మానికీ మంచానికీ మధ్య తిరిగి తిరిగి, చివరికి బైబిల్లో లేవీయకాండం తెరిచి వేలు పెట్టాను. "ఊసరవెల్లి అపవిత్రమని రాసుంది సూడు. రోగి ఉన్న ఇంట్లోకి తెత్తావేటి?"

అనూష కొమ్మ ఆకుల మీద నీళ్లు చిలకరించి చూసుకుంటోంది. "ఇది గిన్నెలో తాగదంట నాన్నా. ఆకుల మీద సుక్కలే నాకుద్దంట."

"అయితే ఏటి?"

"కిడ్నీలు పాడయ్యాయని అమ్మకి నీళ్లు కొలిసి ఇమ్మన్నాడు గదా డాక్టరు. మనం సెంబెత్తి తాగుతుంటే అమ్మ గోడకేసి తిరిగిపోతంది. ఇదుంటే, సుక్కలతో బతికే తోడొకటి ఉంటాది."

సిలువ మీద ప్రభువు 'దప్పిగొనుచున్నాను' అన్న మాట పాస్టరుగా ఎన్ని ప్రార్థన కూటాల్లో కేకలేసి చెప్పానో.

బైబిలు మూసి, ఊసరవెల్లి మేతకి మిడతలు పట్టడానికి తోటలోకి నడిచాను.