చిన్న పని ముందు

గోడకు కొత్త బోర్డు తగిలించి, లేత్ షాపు యజమాని రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాడు. 'చిన్న పని ముందు. పెద్ద పని తర్వాత.'

ఎవరో ఏసీ గదిలో కూర్చోబెట్టి చెప్పిన పాఠమది. భోజనం కూడా వాళ్లే పెట్టారు కాబట్టి మరీ బాగా తలకెక్కింది.

"మరి పెద్ద పని వంతు ఎప్పుడొస్తుందండీ?" అన్నాడు మేస్త్రి.

"చిన్నవి అయిపోగానే."

అవి అయిపోతేగా! ఒకటి దించేలోపు ఇంకోటి గుమ్మంలో ఉండేది. మిల్లువాళ్ల రోలరు మూలపడి తుప్పు పట్టింది. షాపులోనే చెడిపోయి ఉన్న పెద్ద లేత్‌ను బాగుచేయడమూ పెద్ద పనే కదా, అదీ వెనక్కే జరిగింది. చివరికి చోటు తినేస్తోందని ఆ లేత్‌ని పాతసామాన్లవాడికి తూకానికి వేసేశాడు.

ఈ పద్ధతి కలిసొచ్చింది బావమరిదికే. పని ఇమ్మని అడిగితే "పెద్ద పనికి నువ్వు పనికిరావు పో" అని యజమాని తరిమేసిన మనిషి. రోజూ పొద్దున్నే సంచిలో ఒక్క ముక్క తెచ్చేవాడు. ఓరోజు అరిగిన పళ్లచక్రం, ఓరోజు ఇరుసుకు తొడిగే బుష్షు.

"చిన్నదే బావా. ముందే కదా?"

"ముందేరా. ఎవరివిరా ఇవన్నీ?"

"ఎవరివైతేనేం? మోసుకొచ్చేవాణ్ణి నేను."

"పోన్లే, నీ తెలివికి తగ్గ ఉద్యోగమే దొరికింది!" యజమాని పగలబడి నవ్వి, ముక్కను మేస్త్రి చేతిలో పెట్టేవాడు.

ఓరోజు మిల్లాయన ఊగిపోతూ వచ్చాడు. "మా రోలరు?"

"వరసలో ఉందండీ."

"ఆ వరస మీ మనవడు చూస్తాడేమో, నేను చూడను!" రోలరు లారీ ఎక్కించుకుని పోయాడు. వెనకాలే మిగతా పెద్ద బేరాలూ పోయాయి. చిన్న పనుల చిల్లర షాపు అద్దెకే చాల్లేదు.

ఈ బేరాలన్నీ ఎగరేసుకుపోయినవాడెవడో తేల్చుకుందామని యజమాని ఆ లారీ మళ్లిన వెనకవీధికి వెళ్లాడు. కొత్త రేకుల షెడ్డు. లోపల మిల్లు రోలరు గిర్రున తిరుగుతోంది. పక్కనే బావమరిది, చేతులు తుడుచుకుంటూ.

"రా బావా! ఇక్కడ నీది ఎంత పెద్ద పనైనా ముందే."

యజమాని దగ్గరకెళ్లి వంగి చూశాడు: ఎదురుగా ఉన్నది తను తూకానికి వేసేసిన పెద్ద లేతే, అందులో తిరుగుతున్న ప్రతి పళ్లచక్రమూ, ప్రతి బుష్షూ తన షాపులో, తన బోర్డు కింద, అందరికంటే ముందు తయారై వెళ్లినవే.