ఆఫీసుకు పరీక్ష

“ఆ కుర్చీ మీది హెల్మెట్ తియ్ గోపాలూ, జల్దీ,” అన్నాడు సూపరింటెండెంట్ ఉదయ్ భాస్కర్, తడిసిన గొడుగు మూలన పెడుతూ.

అటెండర్ గోపాలు హెల్మెట్ తీశాడు. దాని కింది టిఫిన్ డబ్బా తీశాడు. డబ్బా కింది పాత ఫైళ్లు కూడా తీశాక అప్పుడు బయటపడింది కుర్చీ. పని మీద వచ్చినవాళ్లు కూర్చోవడానికని సర్కారు ఇచ్చిన కుర్చీ అది. పాపం, ఒక్కరంటే ఒక్కరు దాని మీద కూర్చున్న పాపాన పోలేదు.

ఈ హడావిడంతా హెప్సిబా కోసం. అడవి అంచున ఉన్న ఆ చిన్న ఆఫీసులో ఆమె కాంట్రాక్టు మీద అసిస్టెంట్. టైపింగూ ఫైళ్లూ ఫోన్లూ అన్నీ ఆమె నెత్తినే. ఆఫీస్ అసిస్టెంట్ సర్టిఫికెట్ కోసం ఏడాదిగా సెలవన్నది ఎరగదు. సెలవొస్తే తెల్లారకముందే ఖమ్మం బస్సెక్కి క్లాసుకు పోయేది. సర్టిఫికెట్ వస్తే ఉద్యోగం నిలుస్తుంది, రాకపోతే మార్చి దాటాక ఇంటికే. రాతపరీక్ష మంచి మార్కులతో పాసయింది. ఇక ప్రాక్టికల్ మిగిలింది, అది ఈ రోజే.

ఆ ప్రాక్టికల్ తిరకాసుది. ఖమ్మం నుంచి పరీక్షాధికారి మామూలు జనంలాగే ఆఫీసుకు వస్తాడు, లేదా ఎవరినో పంపిస్తాడు. ఎవరన్నది చెప్పరు. ఏదో పని అడుగుతారు. ఎట్లా మాట్లాడారో, ఎంతసేపు నిలబెట్టారో చూసి మార్కులు వేస్తారు.

“మనల్ని గూడ చూస్తరట సార్,” అన్నాడు గోపాలు భయంగా.

“చూడనీ. నా ఆఫీసుల పని నేర్చుకున్న పిల్ల. ఫెయిలైతే నా మొఖం ఏడ బెట్టుకోవాలె?”

ఫోను మోగింది. హెప్సిబా ఎత్తింది.

“నమస్తే సార్... అవ్ సార్... గట్లనా... సరే సార్, మంచిది.”

ఫోను పెట్టేసి కాసేపు కిటికీలోంచి వాన వంక చూసింది. మూడు రోజులుగా ఒకటే ముసురు. చూరు కింద, నెత్తిన యూరియా సంచి కప్పుకొని ముసలి సక్రి నిలబడి ఉంది.

“ఎవరమ్మా ఫోన్ల?” అన్నాడు ఉదయ్ భాస్కర్.

“పరీక్షోళ్లే సార్. తయారుగ ఉండుమన్నరు.”

తండా నుంచి వచ్చే సక్రి ఆ ఆఫీసుకు కొత్త కాదు. మనవరాలికి హాస్టల్ సీటు వచ్చింది. దానికి ఈ ఆఫీసు ధ్రువపత్రం కావాలి. ఈ సాయంత్రంలోగా ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. హెప్సిబా ఆ ఫైలు సార్ టేబుల్ మీద పైన పెడుతూనే ఉంది, అది అడుక్కి పోతూనే ఉంది. కాంట్రాక్టు మనిషి అంతకన్నా ఏం చేస్తుంది?

సక్రి గడప దగ్గరికి రాగానే గోపాలుకు అలవాటు ప్రకారం నోరు లేచింది.

“సార్ బిజీగున్నడు, రేపు...”

“గోపాలూ!” అని అరిచి, ఉదయ్ భాస్కర్ గొంతు తగ్గించాడు. “ఈమెనే పంపిండ్రేమో.”

“ఈమె సక్రి గద సార్. మనకెరికే.”

“అందుకే. ఎరికున్న మనిషినైతే ఎట్ల చూస్తమో అని పెట్టిండ్రు. పరీక్షంటే గట్లనే ఉంటది.”

హెప్సిబా లేచి ఎదురెళ్లింది. “రా అవ్వా, కూసో.”

సక్రి వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో అంటున్నారేమోనని. కుర్చీ చూపించేసరికి బెదిరిపోయింది.

“నేనేం తప్పు జేసిన బిడ్డా?”

“ఏం తప్పు లేదు. చాయ్ తాగు.”

చాయ్ గోపాలే తెచ్చాడు. సక్రి కుర్చీ కొస మీద కూర్చొని, రెండు చేతులతో గ్లాసు పట్టుకొని తాగింది. ఉదయ్ భాస్కర్ టేబుల్ అడుగు నుంచి ఫైలు లాగి, దుమ్ము దులిపి, కళ్లజోడు పెట్టుకున్నాడు.

“అన్నీ ఉన్నయి గద హెప్సిబా. ఇంక ఏం కావాలె?”

“మీ సంతకం సార్.”

గోపాలు గోడవైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. ఉదయ్ భాస్కర్ సంతకం చేసి, ముద్ర తానే కొట్టాడు. పొద్దున్నుంచి బస్సు లేదని తెలిసి, సక్రిని బండి మీద హాస్టల్ దాకా దింపి రమ్మని గోపాలును పంపాడు. ఆమె పోతూ పోతూ హెప్సిబా గడ్డం పట్టుకుంది.

తర్వాత సీతయ్య అనే ముసలాయన వానకు ఆగి లోపలికి తొంగి చూశాడు. ఆయనకూ కుర్చీ, చాయ్.

“నాకేం పని లేదు సారూ, తడుస్తున్న అని నిలబడ్డ.”

“గట్ల అనకు పెద్దాయనా. ఏదన్నా ఉంటే చెప్పు,” అని బతిమాలాడు ఉదయ్ భాస్కర్. ఒరిగిపోయిన కరెంటు స్తంభం సంగతి అప్పుడు గుర్తొచ్చింది సీతయ్యకు. దానికీ ఫోను చేశారు.

సాయంత్రం గోపాలు హాస్టల్ నుంచి తిరిగొచ్చి తలుపులు వేస్తుంటే ఉదయ్ భాస్కర్ అడిగాడు. “ఎవరంటవమ్మా? సక్రియా, సీతయ్యా?”

“సోమవారం గూడ తయారుగ ఉండాలె సార్.”

“మల్లనా? గట్టి పరీక్షే.” మెట్లు దిగబోయి ఆగాడు. “నువ్వు పాసైతవు బిడ్డా. ఇయ్యాల మన ఆఫీసును చూస్తే నాకే గర్వమైంది. గోపాలూ, ఆ కుర్చీ మీద ఏం పెట్టకు.”

ఇంటి దగ్గర తల్లి విశ్రాంతమ్మ గుమ్మంలోనే ఉంది. కూతురి పరీక్ష కోసం పొద్దున్నుంచి ఉపవాస ప్రార్థనలో ఉంది, మంచినీళ్లు కూడా ముట్టలేదు.

“ఎట్లయింది బిడ్డా?”

“సక్రి అవ్వ పని అయిపోయిందమ్మా. మనవరాలు హాస్టల్ల చేరింది.” హెప్సిబా ముఖం వెలిగిపోతోంది. తల్లిని కూర్చోబెట్టి కంచంలో అన్నం పెట్టింది.

“ఆ సంగతి మంచిదే. నీ పరీక్ష సారు ఏమన్నడు, అది చెప్పు.”

“వాగు పొంగింది, రాలేను, సోమవారం వస్తనని పొద్దున్నే ఫోన్ చేసిండమ్మా.”