సగంలో సగం

"రెండు సగాలు కలిస్తే ఒకటి గదంటే? పావు ఎట్లయితాది?" అని మెహతాబ్ కూతురి మీద విరుచుకుపడింది.

ప్రొద్దుటూరులో వాళ్ళ వీధి వీధంతా మిద్దెలెక్కి పడమటి దిక్కుకు చూస్తోంది. నెలవంక కనిపిస్తే రేపే రంజాన్ పండగ. కనిపించకపోతే ఎల్లుండి. తహసీన్ మాత్రం పిట్టగోడకు ఆనుకుని, పదో తరగతి లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది.

"కలిపేది కాదు అమ్మీ, గుణించాల. నెలవంక అగుపిస్తాది, లేదంటే అగుపించదు. రెండే గదా? అగుపించకుండా ఉండేది సగం. రేపు అబ్బా ఎక్కే విమానం లేటు కాకుండా ఉండేది సగం. రెండూ జరిగితేనే పండగనాడు అబ్బా మనతో ఉండేది. సగంలో సగం, పావు."

"అల్లా చేతిలో ఉండేదానికి లెక్కలేందే?"

"పరీక్షలో ఇట్లాంటియే ఇస్తారు."

"ఏం చదువే నీది! ఉండేదాన్ని గూడా తగ్గిస్తాంది."

తహసీన్ తండ్రి అబ్రార్ కువైట్‌లో డ్రైవరు. రేపు సాయంత్రం చెన్నైలో దిగితే ఎల్లుండి తెల్లారేసరికి ఇల్లు చేరతాడు. అతను లేకుండా ఎన్ని పండగలు గడిచాయో మెహతాబ్ లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది. పండగ పొద్దున కొత్త లాల్చీలు వేసుకుని నమాజుకు పోయే వీధి మగవాళ్ళను చూడలేక కిటికీ మూసుకోవడం మాత్రం మానలేదు.

పక్క మిద్దె మీది నుంచి గౌసియా నవ్వింది. "ఏం ఆపా, ఊరంతా నెలవంక కోసం చూస్తాంటే నువ్వు మబ్బు కోసం చూస్తాండావే?"

"నోరు ముయ్యే. నీ మొగుడు నీ పక్కనే ఉండాడు. నీకేం తెలుస్తాది?"

మబ్బు దట్టంగానే ఉంది. మెహతాబ్‌కు ఆశ పెరిగింది. "ఇప్పుడెంతే?"

తహసీన్ ఒకసారి ఆకాశం వైపు చూసి, వెంటనే పుస్తకంలోకి తల దించుకుంది. "ఇంకా పావే అమ్మీ."

కాసేపటికి మబ్బు అంచు కొంచెం చీలింది. ఆ సందులో, కత్తిరించి పడేసిన గోరులా, నెలవంక. రెప్పపాటులో మళ్ళీ మూసుకుపోయింది. వీధిలో ఎవరూ కేక వేయలేదు. ఎవరి కంటా పడలేదన్నమాట.

మెహతాబ్ చప్పున చూపు దించుకుంది. తను నోరు మెదపకుంటే చాలు.

కింద నుంచి మసీదు పెద్ద ఫకీర్ సాహెబ్ పిలిచాడు. "అమ్మా మెహతాబ్! మీ మిద్దే అందరికంటే ఎత్తు గదా. యాడన్నా అగుపించిందా?"

ఇఫ్తార్‌లో తిన్న ఖర్జూరం తీపి ఇంకా నాలుక మీదే ఉంది. ఆ నాలుకకు అబద్ధం చేతకాలేదు.

"అగుపించింది చాచా" అని వేలెత్తి చూపింది.

అక్కడే మబ్బు మళ్ళీ చీలింది. "అదిగో! అదిగో!" అంటూ గౌసియా ఎగిరింది. వీధంతా గొంతు కలిపింది. ఎవరో టపాసులు అంటించారు.

మెహతాబ్ కొంగుతో కళ్ళొత్తుకుని కూతురి పక్కన కూలబడింది. "పోనీలే. పావంటే ఎంత? మొదట్నుంచీ అంతంతమాత్రమే గదా."

తహసీన్ పుస్తకాన్ని అవతలికి తోసేసింది. వెక్కి వెక్కి ఏడుస్తూ అరిచింది.

"ఎందుకు చెప్పినావమ్మీ? నాకు నీకంటే ముందే అగుపించింది. నేను చెప్పినానా?"