పటం ఎరగని గూడెం

గాసన్న మనవరాలు ఎర్రమ్మ బడిగోడ మీది పటంలో తన ఇల్లు చూపించబోతే, అక్కడ ఉత్త అడవే ఉంది. పటమెరగని చోటికి డ్రైవరులేని బడిబస్సు రాదు. వానలు పడ్డాయంటే అంత దూరం నడవలేక పిల్ల చదువు అటకెక్కినట్టే.

“నడిచిన చోటల్లా గోడపటం మీద గీసే పలక ఇది. దీన్ని పట్టుకుని ఇంటి నుంచి బడికి వందసార్లు నడిస్తేనే పటం దాన్ని దారని ఒప్పుకుంటుంది తాతా,” అంది పంతులమ్మ గాసన్నతో.

గాసన్న పలకను మెడలో కట్టుకుని, అలవాటుగా మేకల వెనకే నడిచాడు. గోడపటం నిండా పిచ్చిగీతలు పడ్డాయి.

“తాతా, ఇది బడి దారేటి, మేకల మేతేటి?” అని పిల్లలు పకపకలాడారు.

మర్నాడు మేకల్ని వియ్యపురాలికి అప్పగించి, చుట్ట వెలిగించి తిన్నగా నడిచాడు. రోజూ నడిచాడు. తొలకరి నాటికి గోడమీద వెంట్రుకంత గీత మొలిచింది. బస్సు గూడెం మొగదల్లో ఆగింది.

ఎర్రమ్మ బస్సెక్కి చూస్తే, తాత మళ్లీ పలక కట్టుకుంటున్నాడు.

“ఇంకెందుకు తాతా?”

“ఓపాలి మరిసిన గోడ మల్లా మరిసిపోదేటే? నాను నడుత్తూనే ఉంతాను.”