రొయ్యల నీళ్ళు

అద్దాల తొట్టిలో ఇంకో ఎర్ర రొయ్య వెల్లకిలా పడి ఉంది. గోరంత కూడా లేదు. మనవరాలు దాన్ని చెంచాతో బయటికి తీసి, ఏడుపు ఆపుకోవడానికి పెదవి బిగబట్టింది.

"నీళ్ళు రోజూ మారుస్తూనే ఉన్నాను కదమ్మా, మరి ఎందుకిలా?" అని తాతయ్య కోడలి వంక చూశారు.

కోడలు తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది. నిజానికి ఆమెకు తెలుసు. ఆమె పనిచేసేది నీటి పరీక్షల ల్యాబులో. ముందురోజే కొళాయి నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి చూసింది. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్ళలోకి రాగి దిగుతోంది. మనుషులకు ఇబ్బంది లేని మోతాదే. రొయ్యలకు మాత్రం ఆ కాస్తా విషం.

ఆ రాగి పైపులు మామగారే వేశారు. నలభై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళందరి ఇళ్ళకూ పైపులు బిగించిన మనిషి, ఆఖరి పనిగా కొడుకు ఇంటికి తన చేత్తో బిగించారు. పని మానేశాక ఆయన నోరు విప్పేది వాటి సంగతి వచ్చినప్పుడే. అసలు విషయం తెలిస్తే ఆ అరిగిన మోకాళ్ళతో నిచ్చెనెక్కి మొత్తం పీకి మళ్ళీ వేస్తారు. చెప్పొద్దని భార్యాభర్తలిద్దరూ అనుకున్నారు.

రొయ్యలకు ల్యాబు దగ్గరి బావి నీళ్ళు బాగా పడతాయట, రోజూ ఓ క్యాను తెస్తానని ఆమె మామగారితో అబద్ధమాడింది. ఆయన సరేనన్నారు. మర్నాడు సాయంత్రం ఆమె బస్సు దిగేసరికి క్యాను అందుకోవడానికి స్టాపులో నిలబడి ఉన్నారు. వద్దంటే వినలేదు.

మొదట్లో ఇద్దరూ మౌనంగా నడిచేవాళ్ళు. తర్వాత్తర్వాత ఆయన తనకు పని నేర్పిన మేస్త్రీ గురించీ, చనిపోయిన తన భార్య అలకల గురించీ చెప్పసాగారు. ఆమె ఆఫీసు గోల వెళ్ళబోసుకునేది. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న ఆమె, ఆ పది నిమిషాల నడక కోసం పొద్దున్నుంచీ ఎదురుచూసేది.

వేసవిలో భార్యాభర్తలూ కూతురూ ఆమె పుట్టింటికి వెళ్ళారు. మోకాళ్ళ నొప్పులని మామగారు ఇంట్లోనే ఉండిపోయారు. రెండు వారాల తర్వాత తిరిగొచ్చేసరికి పైపులు తళతళలాడుతున్నాయి. ఏమీ తోచక మెరుగు పెట్టానన్నారు. ఆమెకు మనసు చివుక్కుమంది.

తొట్టిలో రొయ్యలు పిల్లల్ని పెట్టాయి. ఆయన క్యాను మోయడం మానలేదు.

"ఈ బరువు మీకెందుకు మామయ్యా?" అందామె ఒకరోజు ఉండబట్టలేక.

"ఇది లేకపోతే నాతో ఇంత దూరం ఎవరు నడుస్తారమ్మా?" అన్నారాయన.

ఆయన్ని మోసం చేస్తున్నానని ఆ రాత్రి ఆమె భర్త దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆదివారం తాతా మనవరాలూ పార్కుకు వెళ్ళారు. వంటింటి సింకు కింద చెమ్మగా, పైపు మీద మరకగా కనిపిస్తే ఆమె వంగి, పైపును పీచుతో గట్టిగా రుద్దింది. పీచుకు రాగిరంగు అంటుకుంది.

రంగు కింద ఉన్నది తెల్లటి ప్లాస్టిక్ పైపు.